నాలుగోవాడు

విజయంత ట్యాంకులో మేం నలుగురం. కమాండర్, గన్నర్, గన్‌లో గుండు పెట్టే లోడర్, డ్రైవర్. సోవియట్ల టీ-72 ట్యాంకు వచ్చాక ముగ్గురమయ్యాం. రెజిమెంట్ కాగితాల్లో అది ‘కన్వర్షన్’ అనే ఒక్క మాటతో అయిపోయింది. పాత బండ్లు అప్పగించారు, కొత్తవి తీసుకున్నారు, సంతకాలు పెట్టారు. నాలుగోవాడి గురించి ఎవరూ ఏమీ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నేను డ్రైవర్ని. మాది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం అని ఏకంగా ఒక ఊరే ఉంది కాబట్టి, మా వైపు కుర్రాళ్ళు సైన్యంలో చేరడం పెద్ద వింతేం కాదు. కాకపోతే చేరినవాళ్ళలో ఎక్కువమంది ఇన్‌ఫాంట్రీకో సాపర్స్‌కో వెళ్ళేవాళ్ళు. నన్ను ఆర్మర్డ్ కోర్‌కి వేశారు. 1980ల మొదట్లో అహ్మద్‌నగర్‌లో రైలు దిగేసరికి నాకు హిందీ రాదు, మోపెడ్ నడపడం కూడా రాదు. ఇప్పుడు ఆ ఊరి పేరు అహిల్యానగర్. ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ ఉండేది అక్కడే. ట్యాంకు మనిషి ఎవడైనా ముందు ఆ దుమ్ము తినాల్సిందే.

మా ఉస్తాద్ ఒక రిసాల్దార్ సాబ్. హర్యానా మనిషి. తిట్టడం మొదలుపెడితే ఆయన ఒక్క మాటని రెండోసారి వాడేవాడు కాదు. ఆయన దగ్గర మొదట నేర్చుకుంది గేర్లు కాదు, భోజనం వేళ. ఎంత ఆకలేసినా, ఎంత చీకటి పడినా, ముందు బండి పని అవ్వాలి. ట్రాక్ చూడాలి, ఆయిల్ చూడాలి, ఎయిర్ ఫిల్టర్ దులపాలి, ఆ తర్వాతే పళ్ళెం పట్టుకుని లంగర్ వైపు నడవాలి. గుర్రాల రోజుల నుంచి వస్తున్న పద్ధతట అది. గుర్రానికి నీళ్ళు పెట్టి, దాణా వేసి, మాలిష్ చేశాకే సవారు తినాలి. గుర్రాలు పోయినా అలవాటు పోలేదు. హోదాలు కూడా అలాగే ఉండిపోయాయి. మా దగ్గర సిపాయి లేడు, సోవార్ ఉన్నాడు. హవల్దార్ లేడు, దఫేదార్ ఉన్నాడు. సుబేదార్ లేడు, రిసాల్దార్ ఉన్నాడు.

చరిత్ర క్లాసు కూడా ఆయనే చెప్పేవాడు, నల్లబల్ల లేకుండా, చెట్టు కింద. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ అనే అడవి దగ్గర మన డెక్కన్ హార్స్ రెజిమెంట్ గుర్రాల మీద, బల్లేలు పట్టుకుని మెషిన్‌గన్ల మీదికి వెళ్ళింది. పేరులోనే దక్కన్ ఉన్న ఆ రెజిమెంట్ మూలాలు హైదరాబాద్ నిజాం కొలువులోని రిసాలాల్లో ఉన్నాయి. తర్వాత రెండు నెలలకే, సెప్టెంబర్ 15న, అదే సోమ్‌లో బ్రిటిష్‌వాళ్ళు లోకంలో మొట్టమొదటిసారి ట్యాంకుల్ని యుద్ధంలోకి దింపారు. ఇరవై ఎనిమిది టన్నుల ఆ ఇనుప పెట్టె మనిషి నడక వేగంతో కదిలేది. లోపల ఎనిమిది మంది. అందులో నలుగురు బండి తోలడానికే కావాలి. ఇద్దరు గేర్లు మార్చడానికి, ఒకరు స్టీరింగుకి, ఒకరు బ్రేకులకి. ఎనిమిది మంది అనగానే మేమంతా నవ్వాం. ఉస్తాద్ నవ్వలేదు. “నలుగురున్నారని మీరు మురిసిపోతున్నారు. రేపు మీ పిల్లలు మిమ్మల్ని చూసి నవ్వుతారు” అన్నాడు హిందీలో. అంత తొందరగా నిజమవుతుందని అప్పుడు అనుకోలేదు.

మన దగ్గర గుర్రాలు దిగి ఇంజన్లెక్కిన మొదటి రెజిమెంట్లలో సింధ్ హార్స్ ఒకటి. 1938లో జరిగిందది. ఇప్పటికీ మే 1న ఆర్మర్ డే చేసుకునేది అందుకే. తమ గుర్రాల్ని అప్పగించేసిన రోజున పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా ఏడ్చారని ఉస్తాద్ చెప్పేవాడు. అది ఆయన కల్పించి చెప్పాడో, ఆయన ఉస్తాద్ ఆయనకు చెప్పాడో. నేను మాత్రం నమ్మాను.

ట్రైనింగ్ అయ్యాక రెజిమెంట్‌కి వెళ్ళాను. పేరు రాయను, తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. వేరే దేశాల్లో ట్యాంక్ బెటాలియన్ అనేదాన్ని మన సైన్యంలో ఆర్మర్డ్ రెజిమెంట్ అంటారు. రష్యా లెక్కలో రెజిమెంట్ అంటే కొన్ని బెటాలియన్లు కలిసిన పెద్ద దళం. మన రెజిమెంట్ మాత్రం ఒక్క బెటాలియన్ అంతే. టీవీలో కొందరు ఈ రెండూ కలిపేసి ట్యాంకుల లెక్క చెబుతుంటే నాకు చిరాకేస్తుంది.

మా లెక్క సులువు. ఏ, బీ, సీ అని మూడు సేబర్ స్క్వాడ్రన్లు, అంటే ట్యాంకులతో పోరాడేవి. ఒక్కోదానిలో నాలుగు ట్రూపులు, ట్రూపుకి మూడు ట్యాంకులు, స్క్వాడ్రన్ హెడ్‌క్వార్టర్స్‌లో రెండు, వెరసి 14. మూడు స్క్వాడ్రన్లకు 42. పైన రెజిమెంట్ హెడ్‌క్వార్టర్స్‌లో మూడు. మొత్తం 45. అమెరికావాళ్ళ ట్యాంకు కంపెనీలోనూ 14 బండ్లే. సోవియట్‌వాళ్ళు పది బండ్లతో కంపెనీ కట్టి, మూడు కంపెనీలకు ఒక కమాండర్ బండి కలిపి 31తో బెటాలియన్ నడిపేవాళ్ళు. తక్కువ బండ్లుంటే అదుపు చెయ్యడం తేలికని వాళ్ళ ఆలోచన. మన ఆఫీసర్లు మెస్సులో దీనిమీద గంటలు గంటలు వాదించుకునేవాళ్ళని విన్నాను. మా స్థాయిలో తెలిసింది ఒక్కటే. ట్రూపులో మూడు బండ్లుంటే, ఒకటి ఆగిపోయినా రెండు మిగులుతాయి. అప్పుడు ట్రూప్ లీడర్ తన బండి దిగి, తిరుగుతున్న బండి ఎక్కేస్తాడు. దిగిపోయిన కమాండర్ మొహం చూడాలి అప్పుడు.

ఈ 45 కాక హెడ్‌క్వార్టర్స్ స్క్వాడ్రన్ అని ఒకటుంటుంది. అందులో ట్యాంకు ఎక్కేవాళ్ళు తక్కువ, అది లేకపోతే ట్యాంకులు కదలవు. దాని సంగతి తర్వాత.

మా బండిలో కమాండర్ ఒక దఫేదార్, రాజస్థాన్ ఆయన. గన్నర్ తమిళుడు, నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేవాడు. లోడర్ మా కడపోడు. అసలు పేరు రాస్తే వాడికి కోపం, కాబట్టి ఇలాగే పిలుస్తాను. విజయంతలో డ్రైవర్ ముందు ఒంటరిగా కూర్చుంటాడు. పైన టరెట్‌లో, అంటే గన్‌తోపాటు తిరిగే గదిలో, కుడివైపు గన్నర్, అతని వెనక కమాండర్. లోడర్ ఎడమవైపు. మేం నలుగురం ఇంటర్‌కామ్‌లో కలిసి ఉండేవాళ్ళం. నాకూ కడపోడికీ తెలుగు కలిసింది. హిందీలో ఆర్డర్ వస్తుండగానే మధ్యలో వాడి గొంతు వినబడేది, “ఏందన్నా ఇది, బండా పొయ్యా?” అని. నిజమే, ఇంజను తొందరగా వేడెక్కేది, ఆయిల్ కారేది, ఎండాకాలం రాజస్థాన్‌లో లోపల కూర్చుంటే మేం వేసుకునే పని దుస్తులు, డంగ్రీ పిండితే నీళ్ళొచ్చేవి. దఫేదార్ సాబ్ “తెలుగు బంద్ కరో” అని అరిచేవాడు. కొన్నాళ్ళకు ఆయనకే “ఆపు”, “పో”, “ఎడం” వచ్చేశాయి. తొందర్లో ఆర్డర్ ఇవ్వాల్సొస్తే ఆయన నోట ముందు తెలుగే వచ్చేది.

లోడర్ పని గుండు పెట్టడం మాత్రమే అని చాలామంది అనుకుంటారు. 105 ఎంఎం గుండు ఇరవై కిలోల దాకా ఉంటుంది. బండి గోతుల్లో ఎగిరెగిరి పడుతుంటే, ర్యాక్‌లోంచి సరైన రకం ఏరుకుని, తిప్పి, బ్రీచ్‌లోకి, అంటే గన్ వెనక నోట్లోకి, పిడికిలితో తోసి, చెయ్యి వెనక్కి లాక్కోవాలి. పిడికిలి ఎందుకంటే, బ్రీచ్ మూసుకునేటప్పుడు వేళ్ళు చాపి ఉంటే పోతాయి. గన్నర్ ముందు 12.7 ఎంఎం రేంజింగ్ గన్‌తో కొన్ని తూటాలు వదిలి, అవి ఎక్కడ పడ్డాయో చూసుకుని అసలు గన్ పేల్చేవాడు. పేలగానే వేడి ఇత్తడి కేసు బయటికొచ్చి పడేది, దాంతోపాటు కళ్ళు మండే పొగ. కడపోడు రెండో గుండు అప్పటికే చంకలో పెట్టుకుని ఉండేవాడు. రాజస్థాన్‌లోని మహాజన్ రేంజిలో ఫైరింగ్ అయ్యాక వాడి ముంజేతుల మీద వెంట్రుకలుండేవి కావు.

దీనికి తోడు రేడియో సెట్ వాడిదే. స్క్వాడ్రన్ నెట్‌లో ఎవరేం మాట్లాడుతున్నారో ఒక చెవి అటు వేసి ఉంచేవాడు. అందువల్ల కమాండర్ తల బయట పెట్టి చూసుకోగలిగేవాడు. బండి ఆగితే టీ కూడా వాడే పెట్టేవాడు. మా అమ్మ పంపిన ఆవకాయ సీసా టరెట్ వెనక డబ్బాలో, ట్రాక్ పిన్నుల మధ్య, చిందీ గుడ్డల్లో చుట్టి దాచేవాడు. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌లో స్క్వాడ్రన్ కమాండర్ సాబ్ ఆ మూట విప్పి, వాసన చూసి, ఏమీ అనకుండా మళ్ళీ చుట్టి పెట్టేశారు. సాయంత్రం ఆయన ఆర్డర్లీ చిన్న గిన్నె పట్టుకుని వచ్చాడు.

1986-87 చలికాలంలో బ్రాస్‌టాక్స్. రాజస్థాన్ ఎడారిలో అంత పెద్ద విన్యాసం అంతకుముందు మేమెవరం చూడలేదు. హెడ్‌క్వార్టర్స్ స్క్వాడ్రన్ విలువ నాకు అక్కడే తెలిసింది. పగలంతా తిరిగి తిరిగి, చీకటి పడ్డాక ట్యాంకులన్నీ వెనక్కొచ్చి హార్బర్‌లో, అంటే రాత్రి ఆగే చోట, చేరేవి. లైట్లు ఉండవు. సిగరెట్ వెలిగించినా వీపు మోగేది. అప్పుడు ఆ స్క్వాడ్రన్ నుంచి సరుకులు తెచ్చే ఎషలాన్ లారీలు వచ్చేవి. ఇసుకలో గుర్తుపట్టడానికి ఒకడు గుడ్డ కట్టిన టార్చి నేలవైపు పట్టుకుని ముందు నడిచేవాడు. డీజిల్ బారెళ్ళు, గుళ్ళ పెట్టెలు, నీళ్ళు, పూరీలు, ఉత్తరాలు అన్నీ ఒకే వరసలో. నేను ట్రాక్ దగ్గర, గన్నర్ గన్ దగ్గర, కడపోడు బారెల్ దొర్లించుకొస్తూ, దఫేదార్ సాబ్ మ్యాప్ పట్టుకుని ఆర్డర్లకు వెళ్తూ. నలుగురం ఉంటే ఒక గంటలో బండి తయారు. బండ్లు బాగుచేసే ఈఎంఈ వాళ్ళ ఎల్‌ఏడీ మెకానిక్కులు అయితే నిద్రపోవడం నేను చూడనేలేదు. ఏదో ఒక బండి ఇంజన్ మూత ఎత్తి, లోపలికి నడుం దాకా వంగి, కాళ్ళు మాత్రం బయట ఉండేవి. పొద్దున్న పెరేడ్‌లో ముందు నిలబడేది సేబర్ స్క్వాడ్రన్లు. ఫొటోలూ వాళ్ళవే. ఆ కాళ్ళ ఫొటో ఎవడూ తియ్యలేదు.

ఆ రాత్రుల్లో కాపలా కూడా నలుగురికి సరిగ్గా సరిపోయేది. తలా రెండు గంటలు. మిగతా ఆరు గంటలు నిద్ర, అదృష్టం ఉంటే.

పాత యుద్ధాల కథలు వింటే కూడా నాకు ఈ మనుషుల లెక్కే కనిపిస్తుంది. 1948 నవంబర్ 1న జోజిలా కనుమలో, పదకొండు వేల అడుగుల పైన, మంచులో 7వ లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకులతో దాడి చేసింది. దారిలో వంతెనలు ఆగవని టరెట్లు విప్పి తీసుకెళ్ళి మళ్ళీ బిగించారు. చలిలో ఆ బోల్టులు బిగించిన చేతుల గురించే ఆలోచిస్తాను నేను. అదే ఏడాది సెప్టెంబర్‌లో షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్‌కి వచ్చింది 1వ ఆర్మర్డ్ డివిజన్. దాని కమాండర్ జె.ఎన్. చౌధురి అంతకుముందు బర్మాలో 16వ లైట్ కావల్రీని నడిపించిన మనిషి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెజిమెంట్ అది. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర చెరకు తోటల మధ్య కాపు కాసి పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను కొట్టినవాళ్ళలో డెక్కన్ హార్స్ షెర్మన్లున్నాయి. షెర్మన్‌లో ఐదుగురు. 3వ కావల్రీ సెంచూరియన్లున్నాయి. సెంచూరియన్‌లో నలుగురు.

1971 డిసెంబర్ 16, బసంతర్. పూనా హార్స్‌కి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ పేరు తెలియనివాడు ఆర్మర్డ్ కోర్‌లో ఉండడు. ఇరవై ఒక్క ఏళ్ళకే పరమ వీర చక్ర. మంటలంటుకున్న బండి వదలమని ఆర్డర్ వచ్చినా, గన్ పనిచేస్తోంది, దిగనన్నాడు. ‘ఫామగుస్తా’ అనే ఆ సెంచూరియన్‌ని అహ్మద్‌నగర్‌లో దాచిపెట్టారు. ట్రైనీలుగా మేం దాని ముందు అటెన్షన్‌లో నిలబడ్డాం. ఆ రోజు అందులో ఉన్నది ఆయన ఒక్కడే కాదు. మిగతా ముగ్గురు సోవార్లు కూడా ఆయనతోపాటే దిగలేదు. రేడియో ఆపరేటర్ సోవార్ నంద్ సింగ్ ఆ రోజు ప్రాణం వదిలాడు. అంటే మా లెక్కలో నాలుగోవాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా కడపోడు ఏమీ మాట్లాడేవాడు కాదు. వాడు మాట్లాడకుండా ఉండటం చాలా అరుదు.

ఇక టీ-72. మన పేరు అజేయ. చెన్నై దగ్గర ఆవడిలోనే తయారయ్యేవి. మొదటిసారి చూసినప్పుడు ఎంత పొట్టిగా ఉందో అనిపించింది. విజయంత కంటే బాగా కిందికి ఉంటుంది, దూరం నుంచి కనబడదు. 780 హార్స్‌పవర్ ఇంజన్, వెనక అదనంగా రెండు డీజిల్ బారెళ్ళు. స్నార్కెల్ గొట్టం బిగిస్తే ఐదు మీటర్ల నీళ్ళలో మునిగి అవతలి గట్టుకి పోతుంది. డ్రైవర్‌గా నాకు పండగే. విజయంతతో పోలిస్తే ఇసుకలో దాన్ని తోలడం హాయి. గన్ 125 ఎంఎం. గుళ్ళు మాత్రం టరెట్ కింద, ఆటోలోడర్ అనే యంత్రం తాలూకు గుండ్రంగా తిరిగే చట్రంలో 22 ఉంటాయి. గన్నర్ బటన్ నొక్కితే చట్రం తిరిగి, కావలసిన రకం దగ్గర ఆగి, ఒక చెయ్యి పైకి లేపి, గుండు ఒకసారి, దాన్ని పేల్చే మందు ఒకసారి లోపలికి తోస్తుంది. ఏడెనిమిది సెకన్లు. అలసట లేదు, వేళ్ళు నలగవు, ఆవకాయ అడగదు.

లోడర్ ఉండే చోటు ఆ చట్రానికి, గన్‌కి పోయింది. గన్నర్ ఎడమవైపు, కమాండర్ కుడివైపు. మధ్యలో గన్ అడ్డం. విజయంతలో కమాండర్ మోకాలితో గన్నర్ వీపు మీద పొడిచి దిశ చెప్పేవాడు. ఇందులో ఒకరి మొహం ఒకరికి కనబడదు. రేడియో బరువంతా కమాండర్ మీదే పడింది. పొడుగ్గా ఉండే మా రాజస్థాన్ దఫేదార్ సాబ్, అప్పటికి నాయబ్ రిసాల్దార్ అయ్యారు, లోపల మెడ వంచుకుని కూర్చునేవారు. కన్వర్షన్ పూర్తవగానే మెడనొప్పి అని సిక్ రిపోర్టు రాయించారు.

నలభై ఐదు బండ్లకు నలుగురేసి అంటే 180 మంది. ముగ్గురేసి అంటే 135. లెక్క కాగితం మీద చాలా బాగుంటుంది. అయితే ట్రాక్ తెగినప్పుడు ఆ కాగితం రాదు. సూరత్‌గఢ్ వైపు ఒక మధ్యాహ్నం మా బండి కుడి ట్రాక్ జారిపోయింది. ఒక్కో ట్రాక్ బరువే టన్ను దాటుతుంది. ఒకడు బండి స్టీరింగు మీద ఉండాలి. ఇద్దరు కింద ఇసుకలో గునపాలు పెట్టి లేపాలి. సమ్మెట కొట్టేవాడేడి? పిన్ను పట్టుకునేవాడేడి? పక్క బండి వాళ్ళని బతిమాలితే వాళ్ళూ ముగ్గురే, వాళ్ళ బండి వదిలి రాలేరు. రికవరీ వెహికల్ వచ్చేదాకా అలాగే ఉన్నాం. రాత్రి కాపలా రెండు గంటలు కాస్తా దాదాపు మూడు గంటలైంది. ఎయిర్ ఫిల్టర్లు దులపడం, బారెల్‌లో బ్రష్షు కర్ర తోయడం, వల కప్పడం, గుళ్ళు రెండు ముక్కలుగా అందుకుని చట్రంలో నింపడం అన్నీ ముగ్గురి మీదే. ముందు బండి, తర్వాత తిండి అని ఉస్తాద్ చెప్పిన పద్ధతిలో తిండి ఇంకాస్త వెనక్కి జరిగింది.

కడపోణ్ణి ఎషలాన్‌కి వేశారు, డీజిల్ లారీ మీద. మొదట్లో వాడు ట్యాంక్ షెడ్డు వైపు రావడమే మానేశాడు. నల్ల బెరే టోపీ అదే, డంగ్రీ అదే, కాని లైన్లో “నాది ఫలానా బండి” అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ట్యాంకుకి పేరుంటుంది, లారీకి నంబరే ఉంటుంది. కొంతమంది లోడర్లు డ్రైవింగ్ కోర్సు చేసి మళ్ళీ ట్యాంకెక్కారు. వాణ్ణి కూడా చెయ్యమంటే, “నీ పక్కన బెర్త్ లేదు కదన్నా, యాడెక్కితే ఏముంది” అన్నాడు.

2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్. బండ్లన్నీ రైలెక్కించి సరిహద్దుకి తీసుకెళ్ళారు. నెలల తరబడి అక్కడే. అప్పటికి నేను జేసీవోని, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ని, ట్రూప్ లీడర్ బాధ్యత. కడపోడు మా స్క్వాడ్రన్ ఎషలాన్‌ని తెచ్చే దఫేదార్. చీకట్లో టార్చి నేలకి పట్టుకుని లారీల ముందు నడిచొచ్చేది ఇప్పుడు వాడే. డీజిల్ పోయించి వెళ్ళిపోవచ్చు. వాడు వెళ్ళేవాడు కాదు. మా ట్రూపులో మూడు బండ్లకీ తిరిగి, కొత్త కుర్రాళ్ళతో కలిసి గుళ్ళు అందించి, చట్రంలోకి దించి, “మీ చెయ్యి యంత్రం లోపల పెట్టమాకండ్రా, అది మనిషి కాదు ఆగడానికి” అని తిట్టి, అప్పుడు లారీ ఎక్కేవాడు. వాడి లారీ డ్రైవర్లు రోజూ సణిగేవాళ్ళు.

తర్వాత అర్జున్ వచ్చింది. 2004లో మొదటి బండ్లు 43వ ఆర్మర్డ్ రెజిమెంట్‌కి ఇచ్చారు. 120 ఎంఎం గన్, దాదాపు 58 టన్నులు, లోపల నలుగురు. లోడర్ తిరిగొచ్చాడు! కడపోడు ఆ వార్త పేపర్లో చూసి ఫోన్లో అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. కాని అర్జున్లు మొదట కొన్నది 124, రెండు రెజిమెంట్లకి. మిగతా సైన్యమంతా టీ-72, టీ-90ల మీదే నడుస్తోంది. బయట చూస్తే అమెరికా అబ్రామ్స్, జర్మనీ లెపర్డ్-2, ఇజ్రాయెల్ మెర్కావా నలుగురితో ఉన్నాయి. రష్యా, ఫ్రాన్స్, కొరియా యంత్రాన్ని నమ్ముకున్నాయి.

మన కొత్త తేలిక ట్యాంకు జోరావర్‌ని 2024లో హజీరాలో చూపించారు. లడఖ్ కోసం, 25 టన్నులు. అందులోనూ ముగ్గురే. పైకెక్కే బండికి ప్రతి కిలో బరువే కాబట్టి అది సరైన నిర్ణయమనే నేనంటాను. కడపోడు ఒప్పుకోడు. రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్నాడు. ఉక్రెయిన్ వీడియోలు చూస్తాడు, ట్యాంకుల మీద డ్రోన్లు పడుతుంటే ఆపి ఆపి చూస్తాడు. కమాండర్ రేడియోలో మాట్లాడుతుంటాడు, గన్నర్ అద్దంలో కన్ను పెట్టి ఉంటాడు, డ్రైవర్ దారి చూస్తుంటాడు, మరి ఆకాశం ఎవడు చూడాలని అడుగుతాడు. దానికి జామర్లు, కెమెరాలు వస్తున్నాయని చెబుతాను. “ఆటోలోడర్ వచ్చినప్పుడు కూడా ఇట్లనే చెప్పినావన్నా, ట్రాక్ తెగితే ఎవరు కొట్టాలో మాత్రం చెప్పలేదు” అంటాడు. పోయిన వారం కూడా ఇదే మాట మీద గంటసేపు కొట్టుకున్నాం. చివరికి వాళ్ళావిడ ఫోన్ లాక్కుని, మందుల వేళైందని పెట్టేసింది.